గోధుమరంగు స్ఫటికాలు

అంగీకార పత్రం మీద సంతకానికి బదులు నా పేరు ముద్ర వేయడం ఒక్కటే మిగిలింది. డయాలసిస్‌లో ఉన్న అన్నయ్య షూహేకి నా కిడ్నీ ఇవ్వాలి.

ఇమ్మని ఎవరూ అడగలేదు. నాది సరిపోతుందేమోనని అన్నయ్య ఒకసారి నసిగాడు, అంతే. ఆ రోజు నుంచి అమ్మ ఖరీదైన టొయామా పీతలు తెప్పించి నాకు వండిపెడుతోంది. అన్ని తిన్నాక కాదని ఎలా అనను?

ముద్ర వేయబోతుంటే డాక్టరు ఆపి, నా మూత్రంలో దొరికిన స్ఫటికాలను తెర మీద చూపించారు. గుండ్రంగా, గోధుమరంగులో ఉన్నాయి.

"మీ అన్నయ్య కిడ్నీల్లోని రాళ్లూ ఇవే. అరుదైనవి, పుట్టుకతో వచ్చే లోపం. యూరిక్ యాసిడ్ రాళ్లనుకుని పదేళ్లు ఆయన చేత బీరు మాన్పించారు, ఈలోగా కిడ్నీలు పోయాయి. మీరు రోజూ మాత్ర వేసుకుంటే చాలు. కిడ్నీ మాత్రం ఇవ్వకూడదు."

ఊపిరాడింది. వెంటనే సిగ్గేసింది.

డయాలసిస్ గదిలోకి వెళ్లగానే అన్నయ్య మంచం మీంచే నా ముఖం చూసి, "నీకూ ఉన్నాయా?" అన్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"అనుమానం. తోబుట్టువులకూ పరీక్ష చేయించమని వేసవిలోనే చెప్పారు. నీది తాత్కాలిక ఉద్యోగం, కంపెనీ చేయించే వైద్య పరీక్షలు ఉండవు. పరీక్షకి మూడుసార్లు రమ్మంటే ఖాళీ లేదన్నావు కదే మొండిదానా. అందుకే ఆ మాట ఎత్తాను. కిడ్నీ అనగానే ముద్ర పట్టుకుని వచ్చేశావు."