ఇరవై తొమ్మిది ఖాళీ కుర్చీలు

నలభై కుర్చీలు వేసి, ఎవరి పని వాళ్లు వచ్చి చేసుకునేందుకు రోజువారీగా, నెలవారీగా అద్దెకిచ్చే ఆఫీసు తెరిచిందామె. ఆరు నెలలైనా పదకొండే నిండాయి. కరెంటు బిల్లు మాత్రం నలభై మందీ కూర్చున్నట్టే వస్తోంది. భవనం అద్దె, ఇంటర్నెట్, ఊడ్చేవాళ్ల జీతాలు ఎలాగో నెట్టుకొస్తున్న ఆమెకు ఆ బిల్లు కంట్లో నలుసైంది. రెండో తాళంచెవి తమ్ముడి దగ్గరుంది. తనకు తెలియకుండా రాత్రిళ్లు తమ్ముడే ఎవరికో అద్దెకిస్తున్నాడని అనుమానం పట్టుకుంది.

ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా వెళ్లి, లోపల గడియ పెట్టుకుని, దీపాలు వెయ్యకుండా చివరి కుర్చీలో కూర్చుంది. ఒంటిగంట దాటాక ఏసీ దానంతటదే మొదలైంది. తలుపు తెరుచుకోలేదు. హాల్లో ఎవరూ లేరు. ఆ ఏసీ హోరు తప్ప చీమ చిటుక్కుమన్న చప్పుడైనా లేదు.

ఇంట్లోంచే ఫోన్‌లో మీట నొక్కి ఏసీ వేసి ఉంటాడని ఒళ్లు మండి, తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఏరా, నా ఆఫీసు ఎంతమందికిచ్చావు? నిజం చెప్పు.”

“నేనెవరికిచ్చానక్కా? పడుకున్నవాణ్ణి లేపి మరీ ఈ గొడవేంటి?” నిద్రగొంతుతో విసుక్కున్నాడు తమ్ముడు. “కాస్త గట్టిగా మాట్లాడు. అంతమంది గోలలో నీ మాట వినపడట్లేదు.”

“ఎవరంతమంది? ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను.”

అబద్ధమాడేటప్పుడు తమ్ముడి గొంతు ఎలా ఉంటుందో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇందాక విన్నది ఆ గొంతు కాదు.

“అక్కా,” అన్నాడు మెల్లగా, “మరి నీ పక్కనుంచి ఫోన్ తనకిమ్మంటున్నదెవరు?”