నెలవంకల కుండ

"ఆ పనిముట్టు నా చేతిలో పెట్టాకే నువ్వు గడప దాటేది!" అంటూ పెద్దనాన్న కార్ఖానా తలుపుకు లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

సంచి భుజాన వేసుకుని బయల్దేరిన పిచ్చుక నిలబడిపోయింది. పిచ్చుకంత మనిషని చిన్నప్పుడు ఆయన పెట్టిన పేరే అది. పట్నంలో కుండల కంపెనీవాళ్ళు నగిషీ పనికి రమ్మన్నారు. బస్సు ఇంకో అరగంటలో ఉంది. ఇవాళ చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"ఏ పనిముట్టు పెద్దనాన్నా? అన్నీ బల్ల మీదే ఉన్నాయిగా" అంది.

ఉన్నాయి. గీతలకు వెదురు పుల్ల, అలలకు విరిగిన దువ్వెన, అచ్చులకు తాడు ముక్క, నునుపుకు గులకరాయి. అయినా ఆయన ఆమె సంచి బోర్లించాడు. రెండు జతల బట్టలూ ఒక దుప్పటీ తప్ప ఏమీ రాలలేదు.

సగం ఆరిన కుండ ఒకటి తెచ్చి ఎదురుగా పెట్టాడు. మెడ చుట్టూ సన్నటి నెలవంకలు, వరుస తప్పకుండా.

"ఇవి దేంతో వేశావు? కొనేవాళ్ళంతా ఇవే అడుగుతున్నారు. నువ్వెళ్ళిపోతే నేనేం అమ్ముకోను, మట్టా?"

"చేత్తోనే వేశాను."

"చేత్తో కాక కాలితో వేస్తారా ఎవరైనా! వెటకారాలు నా దగ్గరా?"

పిచ్చుక కుడిచెయ్యి పిడికిలి బిగించింది. విడమరిచి చెబితే ఈయన జన్మలో వదలడు. అందుకే ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చునే ఆ వంకలు వేసేది.

పెద్దనాన్న ఇంకో పచ్చికుండ ముందేసుకుని ఆ వంకలు తనే వేయబోయాడు. వెదురు పుల్ల నొక్కితే గీత పడింది. చెంచా అంచు నొక్కితే గుంట పడింది. గాజు ముక్క నొక్కేసరికి కుండ మెడే వంకర తిరిగింది.

"అన్నీ పనికిమాలినవే!" అని విసిరికొట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత, మూలన కూర్చుని మట్టి పిసుకుతున్న పెద్దమ్మ నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

పిచ్చుక కిటికీ చువ్వలు పట్టుకుంది. వీధిలో జనం వాళ్ళ మానాన వాళ్ళు పోతున్నారు. తడిమట్టి వాసనకు ఊపిరాడలేదు. ఈ నాలుగు గోడల మధ్యే జుట్టు నెరిసిపోతుందేమోనని ఏడుపొచ్చింది.

ఆ ఏడుపు పెద్దమ్మ చూడలేకపోయింది. "అది ఇచ్చేస్తే తాళం తీస్తారా? ఆ మాట చెప్పండి ముందు" అని మొగుణ్ణి నిలదీసింది.

"మరుక్షణం తీస్తాను. ఈ కార్ఖానాలో మనుషులు పోవచ్చు, పనిముట్లు పోకూడదు. మా తాత పెట్టిన కట్టుబాటు."

"నా మీద ఒట్టేయండి."

"నీ మీద ఒట్టు. చాలా?"

సందు చివర బస్సు హారన్ మోగింది.

పిచ్చుక పిడికిలి విప్పింది. బొటనవేలు పళ్ళ మధ్య పెట్టుకుని కటుక్కున కొరికి, అంచున మట్టి ఎండిన పొడుగాటి గోరుముక్కను ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదిగో మీ పనిముట్టు. తాళం తియ్యండి పెద్దనాన్నా, నాకు ఇంకోటి పెరుగుతుందిలెండి."