తెలుగు చదవగలరు

"అన్నా, నాకు తెలుగు చదవను వస్తాదని ఎందుకు రాసినావు?"

గోమతి ఫోనులో గొంతు బాగా తగ్గించి అడిగింది. వేలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద మిగతా అభ్యర్థులతో కూర్చుని ఉంది. చేతిలోని రెజ్యూమేను చివరి వరుస దాకా చూడటం ఇదే మొదటిసారి. దాన్ని టైపు చేసి ఇచ్చిన కార్తి అవతల గుడియాత్తంలో తన బ్రౌజింగ్ సెంటర్‌లో ఉన్నాడు.

"నువ్వు తెలుగుదానివే కదమ్మా?"

"మాట్లాడతానన్నా. అక్షరాలు రావు. మా ఇంట్లో ఎవురికీ రావు. చదివిందంతా తమిళంలోనే కదా."

"చూడమ్మా, రెజ్యూమే అంటే వాళ్ళు చూసినాక పిలిచేటట్టు ఉండాల. ఆంధ్రా నుంచి వచ్చే పేషెంట్లకు సాయంగా ఉండే పని అది. ఉత్త మాట్లాడతానని రాసుంటే నిన్ను పిలిచుండరు. లోపల ఉండే మేడమ్ తమిళామె. ఆమెకు ఏం తెలుస్తాది? భయపడకుండా పో."

కార్తి ఫోను పెట్టేశాడు. అరచేతుల చెమటకు కాగితం అంచులు మెత్తబడ్డాయి. ఈ ఉద్యోగం రాకపోతే మళ్ళీ అమ్మతోపాటు కట్టడం పనికి వెళ్ళి ఇసుక తట్ట మోయాలి. అది అలవాటే. కానీ లోపల పట్టుబడితే? దొంగ రెజ్యూమే అని పోలీసులకు చెబుతారేమో. కాలేజీకి ఫోను చేస్తారేమో.

ఓరగా తెరిచి ఉన్న తలుపులోంచి మేడమ్ గొంతు తమిళంలో వినిపించింది. "ఈ తెలుగు కాగితం చదివి వినిపించండి."

తనకంటే ముందు లోపలికి వెళ్ళిన సెంథిల్ అనే అతను గడగడా అందుకున్నాడు. "ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి ఏమీ తినగూడదు. నగలన్నీ తీసి ఇంట్లో పెట్టి రావాల. రక్తం ఇచ్చేదానికి ఒక మనిషిని పిలుచుకోని రావాల..."

నిజంగానే చదివిస్తున్నారు. గోమతి లేచి వెళ్ళిపోదామనుకుంది. అంతలో ఒక ఆలోచన వచ్చింది. తనకూ అదే కాగితం ఇస్తే? విన్న మాటలే అప్పజెప్పేస్తే? పెదవులు కదలకుండా వల్లె వేసుకుంది. తినగూడదు. నగలు. రక్తం.

సెంథిల్ నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. "ఏమీ లేదు, ఊరికే చదవమంటారు, అంతే," అని ఆమె పక్కన కూర్చున్నాడు.

గోమతి పేరు పిలిచారు.

టేబులు వెనుక నళిని మేడమ్ కళ్ళజోడు సవరించుకుని రెజ్యూమే చూసింది. "తెలుగు చదవగలరు, రాయగలరు, మాట్లాడగలరు. మంచిది." ఒక కాగితం ముందుకు తోసింది. "మీ ఎదురుగా పేషెంటు తాలూకు మనిషి నిలబడి ఉన్నాడనుకోండి. అతనికి చదివి వినిపించండి."

గుండ్రటి అక్షరాలు. చిత్తూరు బస్సుల బోర్డుల మీద ఇలాంటివి చూసింది. ఒక్కటీ పోల్చుకోలేకపోయింది.

"ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి..." అంది. మేడమ్ కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. "రాత్రి ఏమీ..."

అక్కడ ఆగిపోయింది. ఈ రోజు ఈ కాగితం. రేపు ఇంకో కాగితం వస్తుంది, వినిపించడానికి సెంథిల్ ఉండడు. ఎదురుగా ఎవరి నాన్నో నిలబడి ఉంటాడు. మానేయమని రాసిన మందును తను వేసుకోమని చెబితే?

కాగితాన్ని టేబులు మీద పెట్టేసింది.

"మేడమ్, నాకు తెలుగు చదవడం రాదు," అంది తమిళంలో. "ఇప్పుడు చెప్పింది బయట కూర్చుని విన్నది. రెజ్యూమేలో అది అబద్ధం. మాట్లాడటం ఒక్కటే వచ్చు. దయచేసి ఎవరికీ ఫిర్యాదు చేయకండి, నేను వెళ్ళిపోతాను."

మేడమ్ బెల్లు నొక్కింది. తలుపు తోసుకుని యూనిఫాంలో సెక్యూరిటీ మనిషి వచ్చాడు. గోమతి కుర్చీ అంచు పట్టుకుంది.

"బయట ఉన్నవాళ్ళను ఇంటికి పంపించెయ్. ఇంటర్వ్యూ అయిపోయింది," అంది మేడమ్.

అతను వెళ్ళాడు. మేడమ్ లేచి తలుపు మూసి వచ్చింది. మేడమ్ పెన్ను తీసుకుని రెజ్యూమేలో 'చదవగలరు, రాయగలరు' అన్న రెండు మాటలూ కొట్టేసింది. కింద ఏదో రాసి సంతకం పెట్టింది.

"సోమవారం పొద్దున్నే వచ్చెయ్. యాడుండాది మీ ఊరు, గుడియాత్తమా?"

గోమతి తలెత్తింది. మేడమ్ మాట్లాడింది తెలుగు. అచ్చం తమ ఇంట్లో మాట్లాడే తెలుగు.

"మేడమ్... నాకు చదవను రాదని చెప్తిని కదా?"

"అక్షరాలు నేను నేర్పిస్తాలే. దానికేముండాది."

"నాకు ముందొచ్చినాయన బాగా చదివినాడు. నేను బయటుండి విన్నాను."

"అందరూ చదివినారు, తలా ఒక మాదిరిగా," అంటూ మేడమ్ ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టింది. "ఇది కన్నడం కాగితం తల్లీ."