బానెట్ మీద రెండు దెబ్బలు

కడియం నర్సరీ మొక్కలు తునికి చేర్చే పెద్దిరాజు పికప్ బండి, రాత్రి పదింటికి కాలవగట్టు మీద ఆగిపోయింది. డీజిల్ లాగే లిఫ్ట్ పంపు మొరాయించింది. పేరులో లిఫ్ట్ ఉందే గానీ, ఆ దారిలో లిఫ్ట్ ఇచ్చే నాథుడు లేడు. ట్యాంకు నిండా డీజిలుంది. దాన్ని ఇంజిన్ దాకా తోసే దిక్కే లేదు.

ఇదివరకు బండిలో ఇద్దరుండేవారు. పంపు మొరాయిస్తే భార్య నాగదుర్గ బానెట్ ఎత్తి, లోపలున్న చేతిపంపు కొట్టేది. డీజిల్ ఎక్కగానే బానెట్ మీద రెండు దెబ్బలు వేసేది. అప్పుడతను తాళం తిప్పేవాడు.

"మొక్కలకి నీళ్లూ, మీ బండికి డీజిలూ, రెండూ నేనే పొయ్యాలేంటండీ?" అని సాధించేది.

ఆమె పోయి ఏడాదైంది.

పెద్దిరాజు ఒక్కడే పంపు కొట్టాడు. సీట్లోకి పరిగెత్తేలోగా ఎక్కిన డీజిల్ కాస్తా దిగిపోయింది. మూడుసార్లు కొట్టి, మూడుసార్లు పరిగెత్తి, చివరికి సీట్లో కూలబడి అలవాటు కొద్దీ అరిచాడు.

"కొట్టవే దుర్గా!"

చేలల్లో కప్పలు ఒక్కసారిగా ఊరుకున్నాయి. ఎత్తిన బానెట్ అవతల చప్పుడు మొదలైంది. పుసుక్, పుసుక్. తర్వాత రెండు దెబ్బలు.

తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. ఇక దిగి బానెట్ మూసుకుని తుని పోవడమే. కానీ దిగితే అవతల ఎవరూ ఉండరేమోనని భయమేసింది.

పెద్దిరాజు ఇంజిన్ తనే ఆపేశాడు.

"మళ్లీ ఆగిపోయిందే," అని మెల్లగా అబద్ధమాడాడు. "ఇంకోసారి కొట్టవూ?"