అత్త చెప్పిన జాగ్రత్తలు

భర్త సాయన్న దుబాయిలో చనిపోయి నెలయింది. నీలవ్వ కంట చుక్క రాలలేదు. ఆమెను పుట్టింటికి తీసుకుపోవడానికి అన్న లచ్చన్న మెండోర నుంచి ఆర్మూర్ వచ్చాడు.

అత్త లసుమవ్వ ఉడికిన పసుపు ఆరబోస్తూ తలెత్తలేదు. కోడలిని తిట్టని రోజు లేదామెకు.

నీలవ్వ మూట పట్టుకుని బొమ్మలా కదిలింది.

"లచ్చన్నా, జర ఆగు," అత్త పిలిచింది. "నీ చెల్లె కారం ఓర్వది. ఉరుమంటే భయం, ఒక్కదాన్నే పండవెట్టకుండ్రి. ఏడ్వుమని ఎవ్వరు సతాయించొద్దు."

నీలవ్వ ఆగిపోయింది. ఉరుమంటే భయమని ఆమె భర్తకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

"అన్నా, నువ్వు పో. నేను గీడనే ఉంట."

మూట దించి, అత్త పక్కన కూర్చుని పసుపు కొమ్ములు పరచసాగింది.

"కొంగు నెత్తిన కప్పుకో, ఎండ కనవడ్తలేదా?" అత్త కసిరింది.