మొరగని సాయంత్రం

1987 అక్టోబరు 12, సోమవారం. పొద్దున్నుంచి పట్టిన ముసురు సాయంత్రానికి తెరిపిచ్చింది. తడిసిన వేరుశనగ చేలోంచి, కడుపు నిండినవాడికీ ఆకలి పుట్టించే వాసన వస్తోంది.

కుళ్లాయప్ప చచ్చిన మేకకు గుళికల మందు దట్టించి గట్టు కింద పడేశాడు. "మొరిగావో, కాళ్లు విరగ్గొడతా" అన్నాడు కుక్కతో. అన్నం పెట్టే చెయ్యి కదా, మల్లుగాడు తోక ముడిచాడు.

కొండ మీది చిరుత దిగి వచ్చింది. నెలకో మేకపిల్లను తిన్నా, చేలో అడవిపంది అడుగుపెట్టకుండా చూసిందీ అదే. ఆ సంగతి మల్లుగాడికి తెలుసు, కుళ్లాయప్పకు పట్టలేదు.

"ఏరా తమ్ముడూ, గొంతు పోయిందా? నన్ను చూసి మొరగకపోవడం ఇదే మొదలు."

మల్లుగాడు నేల చూశాడు.

"ఓహో, మీ అయ్య రాజీకొచ్చాడన్నమాట! బాలింతనని జాలిపడి నా వాటా నాకు పెట్టాడు. ఇక మీ దొడ్డి వైపు రాను, పో" అంటూ చిరుత ఆవురావురుమని తిన్నది.

మల్లుగాడికి అప్పుడొచ్చింది మొరుగు. మేక అప్పటికే సగమైంది.

చిరుత తెల్లవారకముందే చచ్చింది. దాని గుహ ముళ్లపందికి, చేను అడవిపందులకు, పెళ్లగించిన తీగలు కుళ్లాయప్పకు దక్కాయి. మల్లుగాడికి రోజూ పెట్టే సంకటిముద్దే దక్కింది. కళ్లు తెరవని రెండు కూనలకు ఏమీ దక్కలేదు.