మడుగు గట్టున పాదముద్రలు

ఒక మడుగులో తామరదుంపలు తవ్వించే మేస్త్రి ఒక కొంగ. లోతువైపు మొసలి ఉందని తెలిసి అక్కడి పక్షులేవీ అటు దిగేవి కావు. అందుకని మేస్త్రి మంచుకొండల అవతలి నుంచి బాతుల్ని పనికి రప్పించింది.

కొత్తగా చేరినవాళ్లకి మొసలి సంగతి చెప్పి, విన్నామన్న గుర్తుగా గట్టు బురదలో పాదముద్ర వేయించడం తాబేలు తాత పని.

"ముద్రలు వేయించు, చాలు. చెప్పావంటే ఒక్కటీ దిగదు. అయినా వాటికి మన భాష ఎక్కడొచ్చు?" అంది మేస్త్రి.

కాదంటే, తను ఎండ కాచుకోడానికి మేస్త్రి ఇచ్చిన బండ పోతుంది. తాబేలు నోరు మూసుకుని, ముద్రలు మాత్రం వరసగా, చక్కగా వేయించింది.

మూడోనాడు ఒక బాతు లోతువైపు మునిగి మళ్లీ తేలలేదు. మేస్త్రి గట్టు చూపించి, "మేం చెప్పాం. అదిగో ముద్ర," అంది.

పది రోజులకి, ఇక్కడి మాటలు నాలుగు నేర్చుకుని, ఆ బాతు చెల్లెలు తాబేలు దగ్గరికి వచ్చింది.

"తాతా, మా అన్న వేసిన ముద్రకి అర్థమేంటి?"

తాబేలు లోతువైపు చూపించింది. "అక్కడ మొసలి ఉందని నాకు తెలుసు, అని."

చెల్లెలు ఆ వరస చివరిదాకా చూసుకుంటూ వెళ్లి తిరిగొచ్చింది.

"అన్నీ మావే ఉన్నాయి. మరి నీ ముద్ర ఏది తాతా?"